పులిపిరికి చలిమందు... ముందు దాని పేరు తెలియాలి

మెడ మీద వేలాడే చిన్న కాయ. వేలి కణుపు మీద గరుకు బుడిపె. చెంపల మీద నల్లటి చుక్కలు. ఇంట్లో అందరూ వీటన్నింటినీ ‘పులిపిర్లు’ అనే అంటారు. పెళ్లిచూపులో, పెళ్లో దగ్గర పడితే గానీ వాటి మీద దృష్టి పడదు. అప్పుడు మొదలవుతుంది హడావుడి. ఒకరు వెంట్రుక కట్టమంటారు, ఒకరు సున్నం పెట్టమంటారు, ఇంకొకరు అగరొత్తితో చుర్రుమనిపించమంటారు. ఈమధ్య ‘ఫ్రీజింగ్ చేయిస్తే ఒక్కరోజులో రాలిపోతుందట కదా డాక్టర్’ అని అడిగేవాళ్లూ పెరిగారు.

నిజమే, గడ్డకట్టించే చికిత్స మంచి చికిత్స. దీన్నే క్రయోథెరపీ అంటాం. కోత ఉండదు, కుట్లు ఉండవు, చాలావరకు మత్తుసూది కూడా అక్కర్లేదు. కొన్ని సెకన్లలో పని ముగుస్తుంది. అయితే ఆ కొన్ని సెకన్ల కంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. అది ఏ కాయో, ఏ మచ్చో కచ్చితంగా గుర్తుపట్టడం. ఎందుకంటే గడ్డకట్టించాక రాలిపోయేది కాయ ఒక్కటే కాదు, పరీక్షకు పంపాల్సిన ఆధారమూ దానితోనే పోతుంది.

ఆ చలి ఎక్కడిది?

ఈ చికిత్సలో వాడేది ద్రవ నైట్రోజన్. మనం పీల్చే గాలిలో దాదాపు 78 శాతం నైట్రోజనే. దాన్ని బాగా చల్లబరిస్తే నీళ్లలా ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం మరిగే ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. మన ఫ్రిజ్‌లో ఐస్ పెట్టే అర మైనస్ 18 దగ్గర ఉంటుంది. తేడా ఎంతో మీరే ఊహించుకోవచ్చు. ఊళ్లో పశువుల ఆసుపత్రికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యాన్ని పొగలు కక్కే పెద్ద క్యాన్‌లో భద్రపరుస్తారు. ఆ క్యాన్‌లో ఉండేదీ ఇదే.

పులిపిరి మీద దీన్ని చల్లితే కణాల్లోని నీరు మంచుగా మారుతుంది. మంచు స్ఫటికాలు కణాలను లోపలి నుంచి చీల్చేస్తాయి. తర్వాత మంచు నెమ్మదిగా కరిగేటప్పుడు మరింత నష్టం జరుగుతుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు పూడుకుపోయి, కాయకు రక్తం అందదు. అందుకే మేం త్వరగా గడ్డకట్టించి, దానంతటదే నిదానంగా కరగనిస్తాం. మొండి పులిపిర్లకు ఒకే రోజు రెండుసార్లు అలా చేస్తాం.

ఇది కొత్తగా వచ్చిన వైద్యమేమీ కాదు. 1899లోనే న్యూయార్క్ వైద్యుడు క్యాంప్‌బెల్ వైట్ ద్రవరూపంలోకి మార్చిన గాలితో పులిపిర్లకు చికిత్స చేశారు. 1907లో షికాగోలో విలియం పుసే కార్బన్ డయాక్సైడ్ మంచును వాడారు. 1950లో అలింగ్టన్ దూదిపుల్లను ద్రవ నైట్రోజన్‌లో ముంచి అద్దే పద్ధతిని వివరించారు. ఆ తర్వాతి దశాబ్దంలో స్ప్రే పరికరాలు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది స్ప్రేనే.

మన ‘పులిపిర్ల’లో ఏవేమిటి?

అసలు పులిపిరి: ఇది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చేది. వేళ్ల మీద, గోళ్ల చుట్టూ, మోకాళ్ల మీద గరుకుగా, పూలకోసు ముక్కలా ఉంటుంది. అంటుకుంటుంది, పాకుతుంది. దీనికి చలివైద్యం బాగా పనికొస్తుంది.

అరికాలి పులిపిరి: ఇదీ వైరస్ వల్లనే. కానీ శరీర బరువంతా మీద పడటం వల్ల లోపలికి పెరుగుతుంది. చాలామంది దీన్ని ఆనెకాయ అనుకుంటారు. తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. నిటారుగా నొక్కితే నొప్పి పుడితే ఆనెకాయ కావచ్చు. రెండు పక్కల నుంచి గిల్లినట్టు పట్టుకుంటే నొప్పి పుడితే పులిపిరి కావచ్చు. పైపొర కాస్త గీస్తే పులిపిరిలో సన్నటి నల్లచుక్కలు కనిపిస్తాయి. అవి గడ్డకట్టిన రక్తనాళాలు. ఆనెకాయకు అసలు మందు సరైన చెప్పులు. దాన్ని గడ్డకట్టించి లాభం లేదు.

వేలాడే కాయలు: వీటిని స్కిన్ ట్యాగ్స్ అంటాం. మెడ, చంకలు, గజ్జల దగ్గర సన్నటి కాడతో మెత్తగా వేలాడతాయి. ఇవి అంటుకోవు. కాడను చల్లబరిచిన ఫోర్సెప్స్‌తో కొన్ని సెకన్లు పట్టుకున్నా, చిన్న కత్తెరతో తీసేసినా పని అయిపోతుంది. అయితే వీటిని చూసినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ‘షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?’ అని. ఒంటి బరువు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, మధుమేహం... వీటితో ఈ కాయలకు దగ్గరి సంబంధం ఉంది. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారి ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. కాయ తీసేసి ఊరుకోకుండా షుగర్ కూడా చూపించుకోండి.

వయసు మచ్చలు: నలభై, యాభై దాటాక ముఖం మీద, వీపు మీద గోధుమ, నలుపు రంగుల్లో మైనపు ముద్ద అతికించినట్టు ఉండే మచ్చలు వస్తాయి. వీటిని సెబోరిక్ కెరటోసిస్ అంటాం. ప్రమాదం లేనివి. చెంపల మీద చిన్న చిన్న నల్లచుక్కల్లా వచ్చే డీపీఎన్ కూడా ఈ కోవలోదే. అమ్మకు ఉంటే కూతురికీ రావడం మామూలే.

మొలస్కమ్: పిల్లల్లో ముత్యాల్లా మెరుస్తూ, మధ్యలో చిన్న గుంటతో వచ్చే పొక్కులు. ఇవీ వైరస్ వల్లనే వస్తాయి, అంటుకుంటాయి. చాలామందిలో కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర లోపు వాటంతటవే పోతాయి.

ఒక్కసారితో పోతుందా?

స్కిన్ ట్యాగ్స్, పలుచటి వయసు మచ్చలు చాలావరకు ఒకట్రెండు సార్లతో పోతాయి. వైరస్ పులిపిర్లు మాత్రం అంత తేలిగ్గా లొంగవు. రెండు, మూడు వారాలకోసారి చొప్పున మూడు నాలుగు సార్లు రావాల్సి ఉంటుంది. మధ్యలో మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

నెదర్లాండ్స్‌లో పులిపిర్లున్న 250 మంది మీద చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. చేతులు తదితర చోట్ల వచ్చే మామూలు పులిపిర్లు 13 వారాల తర్వాత ద్రవ నైట్రోజన్ తీసుకున్నవారిలో 49 శాతం మందికి, శాలిసిలిక్ ఆమ్లం రాసుకున్నవారిలో 15 శాతం మందికి, ఏమీ చేయకుండా ఉన్నవారిలో 8 శాతం మందికి పూర్తిగా పోయాయి. అంటే చేతి పులిపిర్లకు చలివైద్యం మెరుగే. అరికాలి పులిపిర్ల విషయంలో మాత్రం ఈ మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2011లో బ్రిటన్ నుంచి వచ్చిన మరో అధ్యయనంలోనూ అంతే. అరికాలి పులిపిర్లు 12 వారాలకు రెండు చికిత్సల్లోనూ 14 శాతం మందికే పూర్తిగా పోయాయి.

దీన్నిబట్టి మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. అరికాలికి పూతమందుతో మొదలుపెట్టడం తక్కువ రకం వైద్యం కాదు. రోజూ రాత్రి పాదాన్ని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి, పైన చచ్చిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది, పులిపిరి మీద మాత్రమే శాలిసిలిక్ ఆమ్లం ఉన్న మందు రాయాలి. చుట్టూ ఉన్న మంచి చర్మానికి ముందే వ్యాజలైన్ పూయాలి. ఆ రాయి ఇంకెవరూ వాడకూడదు. మూడు నెలల ఓపిక కావాలి. షుగర్ ఉన్నవాళ్లు పాదాలకు, ఎవరైనా సరే ముఖానికి ఈ మందు సొంతంగా రాసుకోకూడదు.

మన చర్మానికి ఒక ప్రత్యేక జాగ్రత్త

చర్మంలోని కణాలన్నీ చలికి ఒకేలా లొంగవు. చర్మానికి రంగునిచ్చే కణాలు మైనస్ 4 నుంచి మైనస్ 7 డిగ్రీల దగ్గరే చనిపోతాయి. పులిపిరి ఉండే పైపొర కణాలు చావాలంటే మైనస్ 20 నుంచి 30 వరకు కావాలి. చర్మానికి పట్టునిచ్చే లోపలి పొర ఇంకా ఎక్కువ చలిని తట్టుకుంటుంది. అందుకే సరిగా చేస్తే గుంటలు, పెద్ద మచ్చలు పడవు. కానీ పులిపిరి పోయేంత చలి తగిలితే రంగు కణాలు అంతకుముందే దెబ్బతింటాయి.

తెల్లతోలు వారిలో ఈ తేడా పెద్దగా కనిపించదు. మన చామనఛాయ, నలుపు చర్మాల మీద మాత్రం తెల్లమచ్చ, చుట్టూ నల్లటి వలయం స్పష్టంగా తెలుస్తాయి. చాలామందిలో కొన్ని నెలల్లో రంగు తిరిగొస్తుంది. కొందరిలో ఆ తెల్లమచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. చేతి మీద అయితే సర్దుకుపోవచ్చు. చెంప మీద అయితే ‘బొల్లి వచ్చిందా?’ అని అడిగే చుట్టాలకు సమాధానం చెప్పలేక సతమతమయ్యేవాళ్లను ఓపీలో చూస్తుంటాను. అందుకే ముఖం మీది డీపీఎన్ చుక్కలకు నేను సాధారణంగా ఫ్రీజింగ్ సూచించను. తక్కువ విద్యుత్తుతో పైపైన తాకించే పద్ధతి వాటికి మేలు. ఏ పద్ధతైనా ముందు చెవి పక్కన కనబడని చోట ఒకట్రెండు చుక్కలకు చేయించి, రెండు మూడు నెలలు చూసి మిగతావి చేయించుకోవడం తెలివైన పని. పెళ్లి వారంలో పడితే మాత్రం ముఖం జోలికి వెళ్లకండి.

వీటిని గడ్డకట్టించకూడదు

ఇక అసలు విషయానికి వద్దాం. అరవై దాటిన ఒక రిటైర్డ్ ఉద్యోగి మా ఓపీకి వచ్చారు. మడమ దగ్గర నల్లమచ్చ. ఆనెకాయ అనుకుని వేరేచోట రెండుసార్లు తీయించుకున్నారు. పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది. తీసిన ముక్కను రెండుసార్లూ ఎవరూ పరీక్షకు పంపలేదు. మేం బయాప్సీ చేయిస్తే మెలనోమా అని తేలింది. అది చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైనది. అప్పటికే గజ్జల్లో గడ్డ తగులుతోంది. మొదటిసారే చిన్న ముక్క పరీక్షకు వెళ్లి ఉంటే ఆయన కథ వేరేలా ఉండేదేమో.

మన దేశంలో మెలనోమా అరుదు. కానీ వచ్చినప్పుడు అరికాళ్లు, అరిచేతులు, గోళ్ల కింద రావడం మన రంగు చర్మాల్లో ఎక్కువ. అంటే సరిగ్గా మనం ‘ఆనెకాయేలే’ అనుకునే చోట. అందుకని కింది వాటిలో ఏది కనిపించినా చలివైద్యం, కాల్చడం, లేజర్ ఏదీ వద్దు. ముందు చర్మవైద్యులకు చూపించి, అవసరమైతే బయాప్సీ చేయించుకోవాలి.

• మచ్చ ఒకవైపు ఒకలా, మరోవైపు మరోలా ఉండటం
• అంచులు వంకరటింకరగా, చెదిరినట్టు ఉండటం
• ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు, నీలం లాంటి రెండు మూడు రంగులు
• 6 మిల్లీమీటర్లు దాటడం, అంటే పెన్సిల్ వెనక ఉండే రబ్బరు కంటే పెద్దది కావడం
• కొద్ది నెలల్లో పరిమాణం, రంగు, ఆకారం మారడం
• తాకితే రక్తం రావడం, మానని పుండు పడటం
• గోరు కింద కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్లచార

పుట్టుమచ్చలను కూడా అందం కోసం గడ్డకట్టించకండి. తీయించుకోవాలనుకుంటే కోసి తీయించి, ఆ ముక్కను పరీక్షకు పంపించమని అడగండి. వీపు మీద వయసు మచ్చలు కొద్ది నెలల్లో గుంపుగా పుట్టుకొచ్చి, దురద పెడుతూ, బరువు కూడా తగ్గుతుంటే ఒంట్లో ఇంకేదైనా జబ్బు ఉందేమో పరీక్షించుకోవాలి. ఇది అరుదే, కానీ తోసిపుచ్చకూడదు.

డాక్టర్‌కు ముందే చెప్పండి

చలికి ఒళ్లంతా దద్దుర్లు లేచే వాళ్లు, చలిలో వేళ్లు తెల్లగా, నీలంగా మారేవాళ్లు, కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు ఆ సంగతి దాచకూడదు. షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కినవాళ్లకు నొప్పి తెలియదు, పుండు పడినా త్వరగా మానదు. వాళ్ల అరికాళ్ల మీద ఈ చికిత్స ఆచితూచి చేయాలి. దెబ్బ తగిలిన చోటల్లా ఉబ్బు మచ్చలు కట్టే తత్వం ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఛాతీ, భుజాల మీద చేయించుకునేవాళ్లు ముందే చెప్పాలి. గోటి మొదట్లో గట్టిగా గడ్డకట్టిస్తే గోరు వంకరగా రావచ్చు. వేళ్ల పక్కల నరాలుంటాయి కాబట్టి కొన్నాళ్లు తిమ్మిరి ఉండొచ్చు. తల, గడ్డం మీద అక్కడి వెంట్రుకలు రాలిపోవచ్చు.

చేయించుకున్న రోజు, ఆ తర్వాత

పులిపిరి మీద ఐదు నుంచి పది సెకన్లు స్ప్రే చేస్తారు. మంచు తెల్లగా పేరుకుని, చుట్టూ సన్నటి వలయం ఏర్పడుతుంది. సూదులు గుచ్చినట్టు, తర్వాత కాలినట్టు మంట. కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల వరకు ఉండొచ్చు. వేలి చివర, అరికాలి మీద ఎక్కువ. పారాసిటమాల్ చాలు.

మర్నాటికి బొబ్బ లేస్తే కంగారు పడకండి. ఒక్కోసారి అందులో రక్తం చేరి నల్లగా కనిపిస్తుంది. అదీ మామూలే. బొబ్బను చిదమకూడదు. స్నానం మానక్కర్లేదు. సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, తడి అద్ది, కాస్త వ్యాజలైన్ రాస్తే చాలు. పసుపు, కొబ్బరినూనె, పౌడర్ల ప్రయోగాలు వద్దు. పక్కు కట్టి ముఖం మీద అయితే వారం, పది రోజుల్లో, చేతుల మీద రెండు వారాల్లో, అరికాలి మీద మూడు నాలుగు వారాల్లో ఊడిపోతుంది. దాన్ని పీకకండి. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, రెండు రోజుల తర్వాత నొప్పి తగ్గకపోగా పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించుకోవాలి. కొత్త చర్మానికి ఎండ తగలకుండా కొన్ని వారాలు జాగ్రత్తపడితే నల్లమచ్చ తగ్గుతుంది.

దూదిపుల్లతో అద్దే చోట ఒక సంగతి గమనించండి. పులిపిరి వైరస్ ద్రవ నైట్రోజన్‌లో కూడా బతికి ఉండగలదు. ఒకరికి అద్దిన పుల్లను మళ్లీ అదే పాత్రలో ముంచకూడదు. ప్రతి రోగికీ కొత్త పుల్ల, వేరే కప్పు ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి.

ద్రవ నైట్రోజన్ ఎంత మూతపెట్టినా ఆవిరైపోతూ ఉంటుంది. అందుకే కొన్ని ఆసుపత్రుల్లో నిర్ణీత రోజుల్లోనే ఈ చికిత్స చేస్తారు. మీకు దగ్గర్లోని బోధనాసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో ముందుగా కనుక్కుని వెళితే ప్రయాణం వృథా కాదు.

ఇంటి ప్రయోగాలు వద్దు

సున్నం, చాకలి సోడా, జీడిగింజ రసం, యాసిడ్... ఇవన్నీ చర్మాన్ని కాలుస్తాయి. ఎంత లోతుకు వెళ్లాలో వాటికి తెలియదు. పులిపిరి పోయినా అంతకంటే పెద్ద మచ్చ మిగులుతుంది. వెంట్రుక కడితే కాయ కుళ్లి చీము పడుతుంది. బ్లేడుతో కోస్తే రక్తంతోపాటు వైరస్ పక్కకు పాకుతుంది. గడ్డంలో పులిపిర్లున్నవాళ్లు గీసుకున్నకొద్దీ వరుసగా పుట్టుకురావడానికి కారణం అదే.

విదేశాల్లో ఉన్న పిల్లలు పంపే ఫ్రీజింగ్ స్ప్రే కిట్ల గురించీ అడుగుతుంటారు. వాటిలో ఉండేది ద్రవ నైట్రోజన్ కాదు, వేరే వాయువులు. అంత చలి పుట్టించలేవు. పైగా చాలావాటిలో మండే వాయువులుంటాయి. దీపం, స్టవ్ దగ్గర వాడితే ప్రమాదం. అన్నింటికన్నా ముఖ్యం, అది పులిపిరో కాదో ఆ డబ్బా చెప్పదు.

తరచూ అడిగే ప్రశ్నలు

పిల్లలకు చేయించొచ్చా?
మరీ చిన్నపిల్లలు ఆ మంటకు తట్టుకోలేరు. పిల్లల్లో పులిపిర్లు మూడింట రెండొంతులు రెండేళ్లలో వాటంతటవే పోతాయి. నొప్పి లేకపోతే, పాకకపోతే వేచి చూడటమూ వైద్యమే. గోళ్లు కొరికే అలవాటు మాన్పించండి, తువ్వాలు వేరుగా పెట్టండి.

గర్భిణులకు?
ద్రవ నైట్రోజన్ చర్మం మీదే పనిచేస్తుంది కాబట్టి అవసరమైతే చేయించుకోవచ్చు. పులిపిర్లకు వాడే కొన్ని పూతమందులు మాత్రం గర్భిణులకు పనికిరావు. కాబట్టి గర్భం సంగతి ముందే చెప్పాలి. ఈ సమయంలో వచ్చే స్కిన్ ట్యాగ్స్ కొన్ని కాన్పయ్యాక తగ్గిపోతాయి.

చేతి పులిపిర్ల వల్ల క్యాన్సర్ వస్తుందా?
హెచ్‌పీవీలో చాలా రకాలున్నాయి. చేతులు, కాళ్ల మీద పులిపిర్లు తెచ్చే రకాలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే రకాలు వేర్వేరు. భయం అక్కర్లేదు. జననాంగాల దగ్గర వచ్చేవి మాత్రం వేరే సంగతి. భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోవాలి.

పోయాక మళ్లీ వస్తాయా?
రావచ్చు. చలి కనిపించే పులిపిరిని చంపుతుంది, పక్క చర్మంలో దాగిన వైరస్‌ను పూర్తిగా తుడిచేయలేదు. మిగతా పని మన రోగనిరోధక శక్తిదే. పదే పదే, గుంపులుగా వస్తుంటే రోగనిరోధక శక్తి తగ్గించే జబ్బులు, మందులు ఉన్నాయేమో చూడాలి.

ఈసారి పులిపిరి తీయించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టర్‌ను మూడు మాటలు అడగండి. ఇది ఏమిటి? తీయాల్సిన అవసరం ఉందా? తీస్తే మచ్చ ఎలా ఉంటుంది? మొదటి ప్రశ్నకు ‘చెప్పలేం, ముక్క పరీక్ష చేద్దాం’ అని సమాధానం వస్తే విసుక్కోకండి. ఆ మాట చెప్పిన డాక్టర్ మీకు మేలే చేస్తున్నారు.